కాటా దాటాక రోడ్డు

గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడికి లారీలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయని మా మేనేజరు అనుకునేవాడు. నాకైతే ఏ లారీ వస్తోందో మలుపు తిరగకముందే తెలిసిపోయేది. ఒకడు గేరు మారిస్తే ఇంజను పళ్ళు నూరుతుంది. ఇంకొకడు బ్రేకు మీద కాలు పెట్టుకునే పుట్టాడు. నేను అడ్డకర్ర ఎత్తేవాణ్ణి, బండి లోపలికి పోయాక దించేవాణ్ణి. గిడ్డంగి కాపలా అంటే అంతే. బండి గేటు దాటుతుంటే నా ఎడమ కాలు దానంతటదే కుర్చీ కింద క్లచ్చి తొక్కేది. ఎవరైనా చూస్తారేమోనని, దోమ కుట్టినట్టు వంగి ఆ కాలు గోక్కునేవాణ్ణి.

అంతకుముందు మాకు సొంత లారీ ఉండేది. మాకు అంటే నాకూ మా బావమరిదికీ. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. మా పెళ్ళి నాటికి నిక్కర్లు వేసుకునే పిల్లాడు. మీసం రాగానే నా పక్క సీట్లోకి ఎక్కాడు, మరి దిగలేదు. పెళ్ళి చేసుకోరా అంటే, "నిద్రపోయేవాణ్ణి కట్టుకుని ఆ పిల్ల ఏం సుఖపడుతుంది బావా" అని దాటేసేవాడు. మనిషి దిట్టంగా ఉండేవాడు. తోటి డ్రైవర్లంతా వాణ్ణి బస్తా అనేవారు. బస్తా అని పిలిస్తే కోపం లేకుండా పలికేవాడు, మెలకువగా ఉంటే. సీటు వెనక పడుకునే చెక్క మీద ఒకసారి ఒరిగాడా, చెవి పక్కన హారన్ మోగినా కదలడు. వాడి గురక వింటూ బండి నడపడం నాకు అలవాటైపోయింది. గురక ఆగిందంటే వాడు లేచాడని, వాడు లేచాడంటే ఆకలేస్తోందని అర్థం.

మా ఇద్దరి మధ్య రోడ్డు పంపకం ఉండేది. ఆస్తుల పంపకాల్లో అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటారు గానీ, మేం ఈ పంపకం మీద ఒక్కనాడూ మాటా మాటా అనుకోలేదు. పొద్దున ఇంటి దగ్గర బయల్దేరి కాటా దాకా నేను నడపాలి. లారీలని సరుకుతో సహా తూచే కాటా అది. ఎప్పుడో మూసేశారు. తుప్పు పట్టిన ఇనప పలకా, రేకుల గదీ, ఓ కుళాయీ, ఓ పంచర్ల కొట్టూ మిగిలాయి. అక్కణ్ణుంచి సరుకు దించే ఊరి దాకా వాడు నడపాలి. తిరిగొచ్చేటప్పుడు వాడు కాటా దాకా తెస్తాడు, నేను ఇంటి దాకా తెస్తాను. అంటే కాటాకి ఇవతలి రోడ్డు నాది, అవతలిది వాడిది. వాడి రోడ్డు నాకు కళ్ళతో తెలియదు. చెక్క మీద ఆనిన వీపుతో తెలుసు.

అవతల ఓ కొండ వారగా రోడ్డు దిగుతుందట. మలుపు తిరగ్గానే ఎదురుగా పెద్ద జలాశయమట. "సాయంత్రం ఎండలో ఆ నీళ్ళు చూడాలి బావా. ఒక్కసారి లేవరాదూ?" అని వాడు ప్రతిసారీ అడిగేవాడు. "నీళ్ళు ఎక్కడైనా నీళ్ళేరా, మన ఇంట్లో బకెట్లో కూడా ఉన్నాయి" అని దుప్పట్లోంచే జవాబు చెప్పేవాణ్ణి. "నీకు చెప్పడం కన్నా ఆ గేదెకి చెప్పడం నయం" అనేవాడు. రోడ్డు మీద గేదె ఉందో లేదో కూడా నేను చూడలేదు.

సీటు మారడం మా దగ్గర ఓ తతంగం. మామూలుగా అయితే ఒకడు లోపల్లోపలే పక్కకి జరుగుతాడు, రెండోవాడు కూర్చుంటాడు. మా వాడి పొట్ట గేరు రాడ్డు దాటేది కాదు. అందుకని ఇంజను ఆపకుండా ఇద్దరం చెరో వైపు దిగి, బండి మూతి ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళం. మూతి దగ్గర ఎదురుపడేవాళ్ళం. అప్పగింతలన్నీ అక్కడే.

"బ్రేకు కాస్త లోతుకి పోతోంది, చూసుకో" అనేవాణ్ణి.

"నువ్వు నీ కునుకు సంగతి చూసుకో బావా. బ్రేకు సంగతి నేను చూసుకుంటా."

పక్కన రోడ్డు మీద బళ్ళు పోతుంటాయి కాబట్టి వాడికి దారి ఇవ్వడానికి నేనే ఓ అడుగు వెనక్కి వేసేవాణ్ణి. "నీ పొట్టకి వేరే నంబరు ప్లేటు పెట్టించాల్రా" అనేవాణ్ణి. వాడు పొట్ట నిమురుకుంటూ, "ఇది మా అక్క పెట్టిన తిండి. నేరం నాది కాదు" అనేవాడు.

సీట్లో కూర్చోగానే వాడు ముందు చేసే పని వాళ్ళ అక్కకి ఫోన్ చేయడం.

"అక్కా, కాటా దగ్గర మార్చుకున్నాం. బావని పడుకోబెట్టాను. ఇక బండి నాది."

నేనేదో ఉయ్యాల్లో పసివాణ్ణయినట్టు! అటునుంచి మా ఆవిడ కుట్టుమిషను ఆపి ఎప్పుడూ ఒకటే మాట అనేది. "గుంటలు చూసి పోనీరా. ఆయనకి నిద్ర చెడుతుంది." ఆ మాట చెవిన పడేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. ఈ సంగతి వాళ్ళిద్దరికీ ఎప్పుడూ చెప్పలేదు. చెబితే అక్కాతమ్ముళ్ళు కలిసి ఏడాది పాటు ఆటపట్టిస్తారు.

కష్టాలు వస్తే కట్టగట్టుకుని వస్తాయంటారు కదా. ఒకరోజు టైరు మారుస్తుంటే నా నడుములో పటుక్కుమంది. ఉన్నచోటే కూలబడ్డాను. ఆసుపత్రి, ఆపరేషను, ఆ తర్వాత నెలల తరబడి మంచం. ఆ ఖర్చులకి లారీ అమ్మేశాం. కొన్నవాడు బండి తీసుకుపోతుంటే మంచం మీంచే విన్నాను. గేరు సరిగ్గా వేయడం రాదు వాడికి. అటు తిరిగి పడుకున్నాను.

బావమరిది ఇంకొకరి బండి ఎక్కాడు, ఒంటరిగా. ఓ రోజు ప్రయాణం నుంచి వచ్చి, అన్నం తిని, మేడ మీద తన గదిలో పడుకున్నాడు. మర్నాడు ఎండెక్కినా లేవలేదు. మాకు అదేం కొత్త కాదు. "లేపకు, వారం రోజుల నిద్ర బాకీ ఉన్నాడు" అంటూ నేనూ మా ఆవిడా కింద కూర్చుని నవ్వుకున్నాం. మధ్యాహ్నం భోజనానికి లేపుదామని ఆమె పైకి వెళ్ళింది. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తెల్లవారకముందే నిద్రలో గుండె ఆగిపోయింది, పక్కన ఎవరున్నా చేయగలిగింది ఏమీ లేదు అన్నాడు డాక్టరు. జీవితమంతా నిద్రని ప్రేమించినవాడు అందులోనే పోయాడని చుట్టాలు ఓదార్చారు. నాకు ఆ ఓదార్పు మీద ఒళ్ళు మండిపోయింది. నిద్రపోయినవాడు లేవాలి కదా.

నడుము కుదురుకున్నాక గిడ్డంగి గేటు దగ్గర పనికి కుదిరాను. మా ఆవిడ బడిపిల్లల చొక్కాలు కుట్టేది. మధ్యాహ్నం ఒక వేళకి ఆమె లేచి వెళ్ళి, లోపలి గదిలో ఉన్న ఫోను తెచ్చి మిషను బల్ల మీద పెట్టుకునేది. సెలవు రోజుల్లో నేను ఇంట్లో ఉన్నప్పుడు గమనించాను.

"ఎవరైనా చేస్తారా?" అని ఒకసారి అడిగాను.

"నాకెవరు చేస్తారు?" అంది సూదిలో దారం ఎక్కిస్తూ. కాసేపయ్యాక ఫోను మళ్ళీ లోపల పెట్టేసింది.

నాకు వాడు కావాలి. రోడ్డు కావాలి. రెండిట్లో ఏది ఎక్కువ అని అడిగితే చెప్పలేను. ముఖానికి కొట్టే గాలీ, వెనక గురకా, ముందు ఎంతకీ తరగని దారీ, అవన్నీ కలిపి నాకు ఒకటే. గేటు దగ్గర కూర్చుని ఎన్ని లారీల వెనకాల నా చూపు పోయిందో! చూపుకి డీజిలు అక్కర్లేదు కాబట్టి సరిపోయింది.

ఒకరోజు మేనేజరే నా దగ్గరికి నడిచి వచ్చాడు. ఆయన కుర్చీ దిగి ఎండలోకి రావడమే ఒక విశేషం. డ్రైవరు ఒకతను పని మానేశాడు. మర్నాడు పరుపుల లోడు పోవాలి. ఎక్కడికంటే ఒకప్పుడు మేం సరుకు దించిన ఊరికే, కాటా దాటి అవతల చివర ఉన్న ఊరికి.

"ఒకప్పుడు లారీ నడిపేవాడివట కదా. లైసెన్సు ఉందా?"

"ఉందండీ. గడువు దాటనివ్వలేదు."

"నడుం నిలుస్తుందా?"

"బరువులెత్తకు, బండి నడుపుకో అన్నాడండీ డాక్టరు. ఒకవేళ పడినా పరుపుల మీదే కదండీ పడతాను."

ఆయన నవ్వలేదు. "ఆ రోడ్డు తెలుసా?"

"ఆ రోడ్డు మీదే మా జుట్టు నెరిసిందండీ" అన్నాను. అబద్ధం కాదు, సగం నిజం.

"అయితే విను. చీకటిపడే వేళకి అక్కడి గోడౌన్ మూసేస్తారు. ఈలోపు సరుకు చేర్చావా, ఇకనుంచి ఆ బండి నీది. చేర్చలేకపోయావా, నీ గేటూ నీ కుర్చీ ఎక్కడికీ పోవు."

కుర్చీ అనే మాట వింటూనే లేచి నిలబడ్డాను. సరేనన్నాను.

ఇంట్లో చెబితే మా ఆవిడ వద్దంటుందేమో అనుకున్నాను. ఆమె నేరుగా మేడ మీదికి వెళ్ళింది. వాళ్ళ తమ్ముడు పోయాక తలుపు తీయని గది. వాడి తలగడ తెచ్చి, కుట్లు విప్పి, దూది సగం తీసి, నా వీపుకి సరిపోయేలా చిన్నది చేసి మళ్ళీ కుట్టింది. నేను చూస్తూ కూర్చున్నాను.

"అది వాడిది కదా" అన్నాను.

"ఇన్నేళ్ళు వాడి తల మోసింది. మీ నడుం మోయలేదా?" అంది. కాసేపటికి దారం పళ్ళతో కొరికి, "వెళ్ళిరండి. గేటు దగ్గర మిమ్మల్ని చూడలేకపోతున్నాను" అంది.

పొద్దున్నే లారీ ఎక్కాను. తాళం తిప్పితే ఇంజను నా కాళ్ళలోంచి, నడుములోంచి పైకి పాకింది. ఆ సంతోషం ఏమని చెప్పను! గేటు దగ్గర నా కుర్చీలో ఇంకెవరో కూర్చుని కర్ర ఎత్తారు. నేను మర్యాదగా హారన్ కొట్టాను. అవసరం కన్నా ఒకసారి ఎక్కువే కొట్టాను.

ఊరు దాటాక తెలిసింది, బండిలో ఏదో తక్కువైందని. ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి. గురక లేదు. రేడియో పెట్టాను, కట్టేశాను. నాలో నేను పాడుకున్నాను. నా పాట నాకే నచ్చలేదు. "ఒరే, పరుపుల లోడురా! నువ్వుంటే ఈపాటికి చెక్క మీంచి లోడులోకి పాకేవాడివి" అన్నాను పైకే. నా నవ్వు నాకే వినిపించింది. వీపు వెనక తలగడ మెత్తగా ఉంది. రోడ్డు మాత్రం నన్ను మరిచిపోలేదు. ప్రతి వంతెన దగ్గరా, ప్రతి మలుపులోనూ చెయ్యి దానంతటదే స్టీరింగు తిప్పుకుంటూ పోయింది. మనసు ఎక్కడున్నా పని జరిగిపోతోంది.

అలా జరిగిపోవడమే కొంప ముంచింది.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా కాటా వచ్చింది. బండి పక్కకి తీశాను. ఇంజను ఆపకుండా హ్యాండ్ బ్రేకు వేశాను. దిగి, కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను. బండి మూతి ముందు నుంచి చుట్టూ తిరిగి, అవతలి తలుపు తీసి, పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాను. తలుపు వేసుకున్నాను. తువ్వాలు ముఖం మీద కప్పుకుని వెనక్కి వాలాను.

బండి కదల్లేదు.

ఇంకా కదలదేం అని కూడా అనుకున్నాను. విసుక్కున్నాను కూడా. కుళాయి దగ్గర ఎవరితోనో కబుర్లలో పడ్డాడు కాబోలు, వీడికి వేళాపాళా లేదు అనుకున్నాను.

ఎవరో తలుపు మీద కొట్టారు. తువ్వాలు తీశాను. పంచర్ల కొట్టాయన. జుట్టు బాగా పండిపోయింది. నన్ను చూసి ముఖమంతా నవ్వాడు.

"ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! మమ్మల్ని మర్చిపోయారనుకున్నాను. మీ బస్తా ఏడి? కాస్త బండి ముందుకి తీయమనండి, నా కొట్టుకి అడ్డంగా ఉంది."

డ్రైవరు సీటు వైపు చూశాను. ఖాళీగా ఉంది. స్టీరింగు ఇంజనుతో పాటు సన్నగా వణుకుతోంది.

"వస్తాడు" అన్నాను.

"తొందరేం లేదులెండి. నిదానంగానే రమ్మనండి" అంటూ ఆయన వెళ్ళిపోయాడు.

వస్తాడు! ఎక్కణ్ణుంచి వస్తాడు? అప్పుడు ఏడ్చాను. వాడు పోయిన రోజు ఇల్లంతా జనం, అందరి మధ్య నేనే పెద్దవాణ్ణి, ఏడవడానికి వీల్లేకపోయింది. ఆ ఏడుపంతా పక్క సీట్లో కూర్చుని ఏడ్చాను. ఎదురుగా అద్దంలోంచి రోడ్డు కనిపిస్తోంది. ఓ పాతిక గజాలు తిన్నగా పోయి చెట్ల చాటుకి తిరిగింది. అది నా రోడ్డు కాదు. వాడి రోడ్డు. దాని మీద నేను ఎప్పుడూ కళ్ళు తెరవలేదు. వాడు లేకుండా ఆ రోడ్డెక్కితే వాడు నిజంగా పోయినట్టే అనిపించింది. ఇక్కడే ఈ సీట్లో కూర్చుని ఉన్నంతసేపూ, కాస్త ఆలస్యమైంది గానీ, వాడు ఇంకా కుళాయి దగ్గరే ఉన్నట్టు.

ఎండ బానెట్టు మీంచి జారుతోంది. ఇంకాసేపు ఇలాగే కూర్చుంటే గోడౌన్ మూసేస్తారు. మేనేజరుకి చెప్పేద్దామనుకున్నాను. నడుం పట్టేసిందండీ, ఇంకొక డ్రైవర్ని పంపండి అంటే నమ్ముతాడు. కుర్చీ ఎక్కడికీ పోదన్నాడు కదా. జేబులోంచి ఫోను తీశాను.

నేను నొక్కేలోపే అది మోగింది. ఇంటినుంచి.

"కాటా దగ్గర మార్చుకున్నారా?" అంది మా ఆవిడ.

అటునుంచి కుట్టుమిషను చప్పుడు లేదు. తన నోటి వెంట వచ్చిన మాట తనకే వినపడిందని నాకు తెలిసింది.

"అయ్యో" అంది మెల్లగా. "నా నోరు పడిపోను. ఆ వేళయింది కదా... ఫోను బల్ల మీద పెట్టుకున్నాను. మోగలేదు. నేనే చేశాను. ఏమండీ, ఏమీ అనుకోకండి. ఏం మాట్లాడుతున్నానో నాకే..."

అంతదూరంలో మిషను ముందు ఆమె, ఇక్కడ పక్క సీట్లో నేను. ఇద్దరం వాడి కోసమే కూర్చున్నాం. లోకంలో ఈ పొరపాటు చేయగలిగేది మేమిద్దరమే. నేను చేసింది ఆమెకి చెప్పలేదు. చెప్పకుండానే అంతా చెప్పుకున్నట్టయింది.

"ఫోను పెట్టేయకు" అన్నాను.

తలుపు తీసుకుని దిగాను. ఫోను చెవికి ఆనించుకునే బండి ముందుకి వచ్చాను. మూతి దగ్గరికి రాగానే ఓ అడుగు వెనక్కి వేసి నిలబడ్డాను. ఆ పొట్ట దాటిపోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగాను. పంచర్లాయన కొట్టులోంచి వింతగా చూశాడు. చూడనీ.

"బ్రేకు బాగానే ఉందిరా" అన్నాను. ఆమె వింటూనే ఉంది.

ఇటు ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాను. తలగడ వీపు వెనక సర్దుకున్నాను. ఎప్పుడూ నేను చెప్పని మాట, ఎప్పుడూ వాడే చెప్పే మాట, నా నోటికి దొరకడానికి కాస్త సమయం పట్టింది.

"ఆఁ, మార్చుకున్నాం" అన్నాను. "మీ తమ్ముణ్ణి పడుకోబెట్టాను. ఇక బండి నాది."

ఆమె ముక్కు ఎగబీల్చింది. ఆ తర్వాత ఎప్పటి గొంతుతోనే అంది.

"గుంటలు చూసి పోనివ్వండి. వాడికి నిద్ర చెడుతుంది."

హ్యాండ్ బ్రేకు వదిలాను. చెట్ల మలుపు తిరగ్గానే మొదటి గుంట వస్తుంది. దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు గానీ, అక్కడ బండి మెల్లబడి, కుడికి ఒరిగి, నన్ను లేపకుండా దాటుతుందని నా వీపుకి తెలుసు. నేనూ అలాగే మెల్లగా, కుడికి ఒరిగించి దాటించాను.